నల్లపూసలు వేసుకుని స్కానింగ్‌కు

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. నేను ఇంటర్ రెండో ఏడాది. ముందురోజు బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది. అమ్మ వాము నమిలించింది, దిష్టి తీసింది. ఏం లాభం? నాచారంలో మా వీధి డాక్టరు పొట్ట నొక్కి చూసి, "అపెండిక్స్ అనిపిస్తున్నది. ఆలస్యమైతే పగుల్తది. ఉప్పల్ పోయి స్కానింగ్ జేపించుకొని రాన్రి" అన్నాడు.

అమ్మ మొహం మాడిపోయింది. మా బస్తీలో స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకే.

"పెండ్లిగాని పిల్లకు స్కానింగేంది? ఎవరన్న సూస్తె ఏమనుకుంటరు?"

"నేను సస్తె ఏమనుకుంటరమ్మా?" అని అరిచాను.

ఆటోలో ప్రతి గుంతకీ ప్రాణం పోయి వచ్చింది. ఉప్పల్ దగ్గరపడగానే అమ్మ పుస్తెలతాడు ఉంచుకుని, నల్లపూసలు తీసి గబుక్కున నా మెడలో వేసింది. "జర సప్పుడు జెయ్యకు." ఒళ్లు మండింది కానీ, పోట్లాడే ఓపికేదీ!

హాలు నిండా గర్భిణులే. "ఎన్నో నెల చెల్లె?" అని పక్కామె నన్ను అడిగింది. అమ్మ తడుముకోకుండా "మూడు" అంది. వామ్మో!

లోపల డాక్టరమ్మ నల్లపూసలు చూసి, "నెల తప్పి ఎన్నాళ్లైంది?" అంది.

"నాకు పెళ్లే కాలేదు మేడం! అపెండిక్స్ చూడండి!"

అమ్మ నేల చూపులు చూసింది. డాక్టరమ్మ నవ్వాపుకుని, నా పొట్టకు చల్లటి జెల్ రాసి, కుడివైపు మిషను ఆనించి గట్టిగా నొక్కింది. చుక్కలు కనిపించాయి. ఉన్నట్టుండి ఆమె గొంతు లేచింది.

"దొరికింది! చూడు, నొక్కితే మిగతా పేగులన్నీ అణుగుతున్నాయి. ఇదొక్కటే అణగట్లేదు. ఎంత వాచిందో!"

"ఏదీ? ఏదీ?" నొప్పి మరిచి తలెత్తాను. బూడిదరంగు తెర మీద వేలులాంటి నల్లటి గొట్టం. ఇదా నన్ను ఏడిపిస్తున్నది! ఎంత సంబరమైందో చెప్పలేను.

"ఇంకా పగల్లేదు. ఇవాళే ఆపరేషన్ చేయించండి."

"ఇంకేం లేదు గద మేడం?" అంది అమ్మ.

"ఏమీ లేదమ్మా."

అంతే. అమ్మ నా మెడలోంచి నల్లపూసలు లాగేసి తలుపు బార్లా తెరిచింది. "నా బిడ్డకు అపెండిక్సంట! ఆపరేషనంట!" నాకు స్టేట్ ఫస్ట్ వచ్చినట్టే చాటింది. పక్కామె నోరెళ్లబెట్టింది.

అక్కడే ఆగిపోయింది అమ్మ. వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కడుపు కోస్తరా?" అంటూ బావురుమంది. "మస్తు నొస్తున్నదా బిడ్డా?"

నవ్వితే కుడివైపు పోటు. అయినా నవ్వాను. పొద్దుటి నుంచి ఆ మాట కోసమే చూస్తున్నాను.