మాపు బటన్

రెండువేల ఆరు వానాకాలంలో నన్ను ఇబ్రహీంపట్నం పాల సంఘానికి పంపించారు. అప్పట్లో హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను సీనియర్ టెక్నికల్ రైటర్‌ని. రైటర్ అనగానే మా వనస్థలిపురం కాలనీలో ఆడవాళ్ళు ఏ వారపత్రికలో రాస్తారని అడిగేవారు. నేను రాసేది ఎవరూ ఇష్టపడి చదవరనీ, ఏ దారీ లేనప్పుడు తిట్టుకుంటూ తెరుస్తారనీ చెప్పేదాన్ని. కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎఫ్ వన్ నొక్కితే పక్కన ఇంకో కిటికీ తెరుచుకుని ఇక్కడ ఇలా చేయండి అని చెబుతుంది కదా, దాన్ని రాయడం, రాసినదాన్ని మూట కట్టడం నా ఉద్యోగం.

మూట కట్టడం అన్న మాట ఊరికే అనలేదు. హెల్ప్‌ను విడివిడి పేజీలుగా రాస్తాం. వాటికి విషయసూచిక, పదసూచిక తయారుచేస్తాం. ప్రోగ్రామ్‌లో ప్రతి తెరకూ ఒక నంబరు ఉంటుంది. ఏ నంబరు తెరలో ఎఫ్ వన్ నొక్కితే ఏ పేజీ రావాలో ముడిపెట్టాలి. చివరికి అన్నిటినీ కుదించి ఒకే ఫైలుగా చేయాలి, దాన్ని కంపైల్ చేయడం అంటారు. రాతలో తప్పుంటే చదివినవాళ్ళు నవ్వుకుంటారు. మూటలో తప్పుంటే చదవడానికే ఏమీ ఉండదు.

పాల సంఘంలో జరిగింది ఈ రెండోదే. అక్కడ కొత్తగా పెట్టిన మా పాల లెక్కల ప్రోగ్రామ్‌కు, నేను ఆ ప్రాజెక్టులోకి రాకముందే కట్టిన తెలుగు హెల్ప్ అది. తెరుచుకోవడం లేదట, సరిచేసి రండి అన్నారు మా మేనేజరు. అక్కడ ఆపరేటర్ ఏదో గోల్‌మాల్ చేసిందట, ఆ గొడవలో మీరు తలదూర్చకండి అని కూడా అన్నారు. తలదూర్చవద్దు అని నాతో అనకుండా ఉండాల్సింది.

సాగర్ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు. సంఘం అధ్యక్షుడు జంగయ్య నాకు నమస్కారం పెట్టేలోపే ఆయన సెల్‌ఫోన్ రెండుసార్లు మోగింది, రెండూ రావిర్యాల దిక్కు భూముల బేరాలే. మనిషి మోటుగా మాట్లాడతాడు గానీ దాపరికం లేదు. గొడవేమిటో ఆయనే చెప్పాడు. రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. కౌంటర్ దగ్గర స్వరూప అనే అమ్మాయి కొలిచి, వెన్న శాతం చూసి, కంప్యూటర్‌లో ఎక్కించి చీటీ ఇస్తుంది. మొదటి బిల్లుల రోజున చూస్తే రైతుల చేతుల్లో సాయంత్రం చీటీలున్నాయి, కంప్యూటర్‌లో సాయంత్రం పాలే లేవు. ప్రోగ్రామ్‌లో 'చరిత్ర' అనే తెర ఉంటుంది, ఎవరు ఏం చేశారో అది దానంతటదే రాసుకుంటుంది. అందులో ప్రతి సాయంత్రం నమోదు చేసినట్టూ తుడిచేసినట్టూ వరసగా ఉంది, పక్కన స్వరూప పేరు. ఒకరి పాలు తుడిచి, తర్వాత తనవాళ్ళ పేర్ల మీద ఎక్కిద్దామనుకుందని కమిటీ తేల్చేసింది.

"ఐతారం మీటింగుల తీసేస్తున్నం మేడం. పిల్ల మంచిదే అనుకున్న. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?" అన్నాడు జంగయ్య.

నేను నా పనికి కూర్చున్నాను. కౌంటర్ కంప్యూటర్‌లో ఎఫ్ వన్ నొక్కితే ఎడమవైపు విషయసూచికలో అన్నీ ప్రశ్నార్థకాలే, కుడివైపు తెల్లకాగితం. రెండిటికీ కారణాలు వేరు. అప్పటి కంపైలర్‌కు సూచికలో తెలుగు అక్షరాలు మింగుడుపడేవి కావు, ప్రతి అక్షరాన్నీ ఒక ప్రశ్నార్థకంగా మార్చి కక్కేది. ఇక తెల్లకాగితం సంగతి. హెల్ప్ ఫైలును అధ్యక్షుడి గదిలోని కంప్యూటర్‌లో పెట్టి, కౌంటర్ నుంచి తీగ ద్వారా తెరిచేలా ఏర్పాటు చేశారు. భద్రత కోసం కొత్తగా వచ్చిన నియమం ప్రకారం అలా పక్క కంప్యూటర్ నుంచి వచ్చే హెల్ప్ పేజీలను చూపించరు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. ఫైలును కౌంటర్ యంత్రంలోకి మార్చి, సూచికను కూడా ఒక మామూలు పేజీగా రాసి లోపల పెడితే సరిపోతుంది.

వెనక నిలబడి చూస్తున్న స్వరూప అప్పుడు నోరు విప్పింది. కందుకూరు దిక్కు పల్లె ఆమెది. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, అత్తగారింట్లో పోట్లాడి మరీ ఈ పనిలో చేరింది.

"మొదటి దినమే ఒత్తిన మేడం గా ఎఫ్ వన్. తెల్లగ వచ్చింది. హెల్పు జూసిన, ఏం రాలే అని కమిటీల అంటె నవ్విన్రు. పని పోతే పోనీ, దొంగ అన్న పేరుతోని మా అత్త ముంగటికి ఎట్ల పోవాలె?"

ఏం చూద్దామని నొక్కావమ్మా అని అడిగాను. మాపు గురించి అంది. పాలు ఎక్కించే తెర కింద మూడు బటన్లున్నాయి: భద్రం, ముద్రణ, మాపు. మాపు అంటే నమోదును చెరిపేయడం. అనువాదం చేసిన పండితుడు 'తొలగించు' అని రాస్తే బటన్‌లో పట్టలేదు. 'చెరుపు' అంటే కీడు అనే అర్థం ఉంది, అశుభమన్నారు. రూపుమాపడంలోని 'మాపు' చిన్నగా, ముచ్చటగా ఇమిడింది. దాన్ని చూసి భలే మాట అని మా ఆఫీసంతా మెచ్చుకున్నాం.

పాలు ఎలా ఎక్కిస్తావో చేసి చూపించమన్నాను. చూపించింది. పొద్దుటి పాలకు భద్రం, తర్వాత ముద్రణ. సాయంత్రం పాలకు భద్రం, ముద్రణ, ఆపైన మాపు. 'ఖాయమా' అని తెర అడిగింది. 'అవును' నొక్కింది. తెర ఖాళీ అయింది.

"అది ఎందుకు నొక్కావు?" అన్నాను.

నన్ను వింతగా చూసింది. "మాపు పాలకు మాపు గాక ఇంకేం ఒత్తాలె మేడం? ఖాళీ అయితె, లోపలికి పోయిందనుకున్న."

రేపోమాపో అని రోజుకు పదిసార్లు అంటాను. అందులో మాపు అంటే ఏమిటని మా తెనాలిలో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇక్కడ మాపు అంటే సాయంత్రం. పొద్దు పాలు, మాపు పాలు. ఊరంతా అనే మాట. ఆ అమ్మాయి బటన్‌ను తన భాషలో సరిగ్గానే చదివింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

జంగయ్యను కౌంటర్ దగ్గరికి పిలిచాను. వివరించి చెబితే పిల్ల మీద జాలితో మాట్లాడుతున్నానని అనుకుంటాడు. అందుకని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడు మాపు పాలు వచ్చినయ్ అనుకోండి, ఎక్కించండి అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, లీటర్లు కొట్టాడు. భద్రం నొక్కాడు. తర్వాత ఆయన వేలు ఏ తడబాటూ లేకుండా మాపు మీదికి వెళ్ళింది. అవును అన్నాడు. చరిత్ర తెర తెరిచి చూపించాను. తుడిచేసినట్టు ఇంకో వరస చేరింది.

జంగయ్య ఆ వరస మీద వేలు పెట్టి చదివాడు. "నేను గూడ దొంగనే అయిన గదా," అన్నాడు. తర్వాత స్వరూప వైపు తిరిగి, "బిడ్డా, తప్పయింది. ఐతారం మీటింగుల నేనే చెప్త," అన్నాడు. ఆ ఆదివారం చెప్పాడు కూడా, ఆమె తప్పు లేదని కమిటీ తీర్మానించింది. రైతుల చీటీలు చూసి సాయంత్రం పాలన్నీ మళ్ళీ ఎక్కించారు.

కంపెనీలో మాత్రం తిలా పాపం తలా పిడికెడు. అనువాదకుడిని అడిగితే నిఘంటువు చూపించాడు. ప్రోగ్రామర్ బటన్ కొలత చూపించాడు. మేనేజరు, హెల్ప్ మీది, బటన్ మీది కాదు అన్నారు. బటన్ పేరు తర్వాతి విడుదలలో మారుతుందని తేల్చారు.

ఇక అయిపోయిందనుకుని కొత్త హెల్ప్ పెట్టడానికి వెళ్ళినప్పుడు స్వరూప చరిత్ర తెర తెరిచి, "మరి గిండ్ల నా పేరు గిట్లనే ఉంటదా?" అని అడిగింది. తీసేయవచ్చా అని ప్రోగ్రామర్‌కు ఫోన్ చేశాను. తీసేయగలిగితే అది చరిత్ర ఎలా అవుతుంది, ఆడిటర్లు ఒప్పుకోరు అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. కానీ రేపు ఇంకో అధ్యక్షుడు వస్తాడు. మీటింగులో చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది? తెర మీది వరసలు మాత్రం అలాగే ఉంటాయి.

నా చేతిలో ఉన్నది మూట ఒక్కటే. చరిత్ర తెరకు నంబరు ఉంది గానీ దానికి పేజీ ఏదీ ముడిపెట్టలేదు. ఒక పేజీ రాశాను: ఈ సంఘంలో మొదటి బిల్లుల వరకు సాయంత్రం నమోదులు తుడిచినట్టు కనిపించడానికి కారణం మాపు అనే బటన్ పేరు. ఆపరేటర్ తప్పు ఏమీ లేదని కమిటీ తీర్మానించింది. జంగయ్య చేత చదివించి, సరేననిపించుకుని, ఆ తెర నంబరుకు ముడిపెట్టి కంపైల్ చేశాను. హెల్ప్ అంటే ప్రోగ్రామ్ గురించి చెప్పాలి, మనుషుల గురించి తీర్పులు కాదు అని మేనేజరు గొణిగారు. తెర మీద కనిపించేదానికి అర్థం చెప్పడమే హెల్ప్, ఇక్కడ కనిపించేది ఆ అమ్మాయి పేరు అన్నాను. ఆ ఫైలు ఒక్క సంఘానికే కాబట్టి పోనిచ్చారు.

మరుసటి ఏడు ఆడిటర్ వచ్చిన సంగతి జంగయ్య ఫోన్‌లో చెప్పాడు. ఆ అధికారి చరిత్ర తెరిచి, వరసలు చూసి, ఎవరమ్మా ఈ స్వరూప అని గద్దించాడట. ఆమె చెయ్యి చాపి ఎఫ్ వన్ నొక్కి, మాపు పాలు కొలవడానికి వెళ్ళిపోయిందట.

మనిషి పేరు మీద తప్పు ఎక్కడ కనబడుతుందో, దాని సంజాయిషీ కూడా అక్కడే తెరుచుకోవాలి. ఇంకెక్కడ పెట్టినా ఎవరూ వెతుక్కుని వెళ్ళి చదవరు. హెల్ప్ మూటలు కట్టిన అన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే.