మిరప ఘాటు అంటిన నోటుబుక్కు

ఇరవై లెక్కలకు మూడే చేసిన నోటుబుక్కు మీద ఎర్ర సిరాతో ‘అసంపూర్తి’ అని రాసి పేజీ తిప్పబోయాను. పేజీల్లోంచి ముక్కులోకి మిరప ఘాటు కొట్టింది. రెండుసార్లు తుమ్మి, పెన్ను కింద పెట్టేశాను. ఇల్లందు దగ్గర ఈ ప్రైవేటు బడిలో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. రోజూ ఇరవై లెక్కల హోంవర్కు ఇవ్వాలని యాజమాన్యం హుకుం. చేయడానికి పిల్లలకూ ఓపిక లేదు, దిద్దడానికి నాకూ లేదు.

ఆ ఘాటుకే మేరమ్మ టీచరు గుర్తొచ్చింది. అడవి అంచున మా ఊరి బడిలో నాకు ఆరో తరగతి లెక్కలు చెప్పింది. మిర్చి కోతల రోజుల్లో బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని కాయలకు తొడిమలు తీసేదాన్ని. వేళ్లు భగ్గుమనేవి, పెన్సిలు పట్టుకోలేకపోయేదాన్ని. వరుసగా మూడు రోజులు ఖాళీ పుస్తకం చూపించి, నాలుగో రోజు సిగ్గుతో బడి ఎగ్గొట్టాను. “ఇగ నేను పోను” అని తెగేసి చెబితే అమ్మ కాదనలేదు. పనికి రెండు చేతులు కలిసొచ్చాయి మరి.

ఆ సాయంత్రమే టీచరు మా వాకిట్లోకి వచ్చింది. “ఏంది బిడ్డా, బడికి రాలే?” అంది. నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను. ఆమె చెప్పులు విడిచి కాయల కుప్ప పక్కన కూలబడింది.

“మీకెందుకు టీచరమ్మా, చేతులు మండుతయ్” అని అమ్మ మొత్తుకున్నా వినకుండా గంటసేపు తొడిమలు తీసింది. తర్వాత నా పుస్తకం అడిగి, తనిచ్చిన ఇరవై లెక్కలు తనే చేయసాగింది. మూడోది పూర్తయ్యేసరికి మరిచిపోయి కన్ను నులుముకుంది. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తింది.

“గిట్లుంటే ఇరవై ఎట్ల ఇచ్చిన నేను?” అని తనను తానే తిట్టుకుంది. నన్ను తిడుతుందని బిగుసుకుపోయిన నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

మర్నాడు క్లాసులో చెప్పింది: “ఇగ రోజుకు మూడే. తప్పయినా సరే, మీరే చెయ్యాలె.” ఆ మూడూ మా ఎదుటే దిద్దేది, ఎక్కడ తప్పు చేశామో మాతోనే చెప్పించేది. తన కూతురికి మూడు చాలట్లేదని ఒక ఆసామి తగువుకొస్తే, “నాలుగోది చేసి తెస్తే అదీ దిద్దుత” అని పంపేసింది. నేను మళ్లీ బడి మానలేదు.

ఆమె ఇప్పుడు లేదు. ఆమె వల్లే టీచరునయ్యానని అందరికీ చెప్పుకుంటాను. ఈ నోటుబుక్కు పిల్ల చేసిన మూడు లెక్కలూ మళ్లీ చూశాను. రెండు తప్పే, కానీ కొట్టివేతలతో సహా సొంతంగా చేసినవి. ‘అసంపూర్తి’ కొట్టేసి, ఎక్కడ తప్పిందో పక్కన రాశాను. ఎంత కొట్టేసినా ఆ ఎర్ర మాట కనబడుతూనే ఉంది.

మా ఇంటికి రావడానికి మేరమ్మ టీచరుకు నాలుగు రోజులు పట్టింది. నేను పదహారేళ్లయినా ఒక్క ఇంటికీ బయల్దేరలేదు. రేపు ఈ పిల్లను మీ ఇల్లెక్కడని అడగాలి.