డీజిల్ బండి కదలని ఆదివారం

1964. మెకానికల్ డిప్లొమా ముగించి, వెంకటాచలం ఊరి దగ్గర రోడ్డు పక్క వర్క్‌షాపులో చేరి ఏడాదయింది. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ బిగించడం అప్పుడు మాకు ఎక్కువగా వచ్చే పని. పెట్రోలు కంటే డీజిల్ చవక, లీటరుకు వచ్చే దూరమూ ఎక్కువ. కొత్త ఇంజన్ ఖరీదు తిరిగి రావాలంటే బండి ఎంత తిరగాలో లెక్క వేసి చెప్పడం నా బాధ్యత.

కోట అనే ఊరికి అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఏసురత్నం గారు తన పాత పెట్రోలు వ్యాను తెచ్చారు. ఆ పల్లెకు అదొక్కటే మోటారు బండి. చేపల గంపలకు అదే, మనుషులకు అదే, కాన్పు కష్టమైతే కోట ఆసుపత్రికీ అదే.

"పెట్రోలు పోయించలేక చస్తన్నా అబ్బయ్యా. అట్టని బండి మొరాయించకూడదు. నొప్పులొచ్చిన మనిషి కాసుకోని కూర్చోదు గదా."

కాగితం మీద వరుసగా రాశాను: ఇంధనం ధర, మైలేజీ, ఇంజన్ బరువు, ముందు స్ప్రింగులు, గేరుబాక్సు, విడిభాగాలు. అన్నిటికీ టిక్కు పెట్టి, మార్చుకోమన్నాను.

"మరి ముందు దూర్చి ఇంజన్ తిప్పే హ్యాండిలో?"

"దాంతో పని లేదండీ. సెల్ఫ్ స్టార్టర్ ఉంది."

"అయితే దొరల బండే! నా భుజానికి పింఛను వచ్చినట్టే," అని నవ్వారు.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. దీన్ని కంప్రెషన్ అంటాం. ఆ ఒత్తిడికి ఎదురుగా అంత ఇంజన్‌ను చేత్తో తిప్పడం మనిషి తరం కాదు. బ్యాటరీ నిండుగా ఉండాలి.

రెండు నెలల తర్వాత ఆయన బస్సులో వచ్చారు. జరిగింది నిలబడే చెప్పారు.

ఆ పల్లెకు కరెంటు లేదు. ఆదివారం ప్రార్థన మందిరంలో మైకుకు వ్యాను బ్యాటరీ ఇవ్వడం ఏళ్ల నాటి అలవాటు. నీరసించి తిరిగొచ్చిన బ్యాటరీ పెట్రోలు ఇంజన్ నిప్పురవ్వకు సరిపోయేది. హ్యాండిల్ తిప్పితే బండి లేచేది. ఈసారి ఆరాధన ముగిసిన కాసేపటికి ఆయన తమ్ముడి కూతురు సలోమికి నొప్పులు వచ్చాయి. స్టార్టర్ ఒక్కసారి మూలిగి ఆగింది. గేరులో వేసి ఊరంతా కలిసి నెట్టారు. ఇసకలో చక్రాలు ఈడ్చుకుపోయాయే తప్ప తిరగలేదు. ఎద్దులబండి మీద కోట చేరేసరికి ఆలస్యమైంది. సలోమి బతికింది. బిడ్డ దక్కలేదు.

"నన్ను తిట్టండి," అన్నాను.

"తిట్టి ఏం జేసేది? బ్యాటరీ యాడికి పోతాదో నువ్వు అడగలా, నేను జెప్పలా. దేవుడి పనికి ఇచ్చేది గూడా మెకానిక్కుకు జెప్పాలని నాకేం తెలుసు?"

మరుసటి ఆదివారం మైకు కోసం వేరే బ్యాటరీ తీసుకుని ఆ పల్లెకు వెళ్లాను. ఆరాధన ముగిసేసరికి సలోమి తల్లి వ్యాను దగ్గర నిలబడి ఉంది.

"ఇప్పుడు కదలతాదా నాయనా?"

ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆపి మళ్లీ చేశాను. అలా పదిసార్లు. ప్రతిసారీ లేచింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటి వైపు నడిచింది.

నా కాగితంలో ఒక్క అంకె తప్పు లేదు. అయినా ఇప్పుడు ధరలు రాసే ముందు బండి ఉండే ఊరికి వెళ్తాను. అది తిరిగే రోజు ఏం చేస్తుందో, తిరగని రోజు ఏం చేస్తుందో రెండూ చూసి వస్తాను.