వాసన చూడనిదే నమ్మని ఎర్గాష్ ఉస్తా

తను చనిపోయిన రోజు ఉదయం కూడా వడ్రంగి మేస్త్రి ఎర్గాష్ ఉస్తా ఒక కర్రముక్కను వాసన చూసి అనుమానించాడు. కోకంద్ ఊళ్ళో అందరికీ తెలిసిన గుణమే అది. పరదేశం వెళ్ళేవాడు కనిపిస్తే చాలు, అక్కడి చెట్టు ముక్క తెమ్మంటాడు. తెచ్చాక అది అక్కడిదేనంటే నమ్మడు.

ఆ రోజు పక్కింటి తాహిర్ రష్యా నుంచి బిర్చి చెట్టు మొద్దు తెచ్చాడు. లోపల ఏదో దాచాడని సరిహద్దులో అధికారులు దాన్ని రెండుగా కోయించారట.

“ఏం దొరికింది?” అన్నాడు ఉస్తా.

“కర్రే, మామా.”

“వాళ్ళు నమ్మారేమో. నాకింకా నమ్మకం కుదరలేదు” అని మళ్ళీ ముక్కు ఆనించాడు.

ఉస్తా మాత్రం తక్కువ తిన్నాడా? టర్కీ వెళ్ళినవాళ్ళంతా దుప్పట్లు తెచ్చుకుంటే, ఈయన ఆ దుప్పట్లో ఆలివ్ మొద్దును చుట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు. పెళ్ళైన కొత్తలో భార్య హమ్రో, సరిహద్దు అవతల ఉజ్గెన్‌లో ఉన్న తన తల్లిని చూసి రమ్మంటే, వాళ్ళ పెరట్లోంచి అక్రోటు దుంగ మోసుకొచ్చాడు. అమ్మ ఎలా ఉందని అడిగితే, చెట్టు బాగుందన్నాడు.

హమ్రో అనుమానం వేరు. ఆయన లేత్ మీద చేసేవి పసిపిల్లల ఉయ్యాలలు. వాటికి మల్బరీ కర్రే ఆనవాయితీ. లక్క రంగులు పూశాక అదీ కనబడదు. మరి ఈ పరదేశపు మొద్దులన్నీ ఏమవుతున్నట్టు? రంగుల కొట్టు నడిపే విధవరాలి ఇంటి పొగను కూడా ఆమె వాసన చూసింది. పూలిచ్చే మొగుణ్ణయితే పట్టుకోవచ్చు గానీ మొద్దులిచ్చే మొగుణ్ణి ఎలా పట్టుకునేదని చెల్లెలి దగ్గర వాపోయేది.

ఉస్తా పోయిన నలభయ్యో రోజు భోజనాలయ్యాక వీధి చివరింటి నిగోరా తన ఉయ్యాల పట్టుకొచ్చింది. పళ్ళొస్తున్న పిల్లాడు, పట్టుకొని ఊపే పైకర్ర కొరికి రంగు ఊడగొట్టాడు. లోపల మల్బరీ పసుపు లేదు, లేత గులాబి చెక్క ఉంది. హమ్రో గబుక్కున దాన్ని చేత్తో మూసింది. పోయిన మనిషి పేరు కల్తీ కింద కొట్టుకుపోయేలా ఉంది.

“కర్ర మార్పిస్తానమ్మా. వీధిలో మాత్రం చెప్పకు.”

“మార్చొద్దత్తా. నేను రంగు కోసమే వచ్చాను. మా ఆయన ఫోన్‌లో చూసి పోల్చుకున్నాడు, ఆల్మాటీ నుంచి తను పంపిన ఆపిల్ కర్రే ఇది. నకిలీదని పొయ్యిలో పెట్టేశానన్నాడు మాతో ఉస్తా. కాన్పుకి తను రాలేకపోయినా తన తరఫున కర్రయినా వచ్చిందని మా ఆయన ఒకటే సంబరం.”

హమ్రో సూది పట్టుకొని వీధిలోకి దిగింది. తండ్రి ఇస్తాంబుల్‌లో ఉన్న ఇంట ఉయ్యాల కర్ర గీస్తే ఆలివ్ తేలింది. తండ్రి రష్యాలో ఉన్న ఇంట, ఎప్పుడో తెచ్చిన బిర్చి. ఆమెకు మతి చలించిందనుకున్నారు తల్లులు.

ఇంటికొచ్చి అటకమీది పాత ఉయ్యాల దించింది. దాని పైకర్ర పట్టుకొని బిడ్డల్ని ఊపుతూనే ఆమె పుట్టింటి మీద బెంగపడేది. ఎర్రరంగు గీస్తే ముదురు గోధుమ చెక్క బయటపడింది. చిన్నప్పుడు పుట్టింటి పెరట్లో ఆమె అరచేతులకు అంటి వదలని అక్రోటు రంగు.

ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

“నాకింకా నమ్మకం కుదరలేదయ్యా” అని ఇంకొంచెం గీకింది.