కాదన్నాక కదలని మనిషి

మొన్న పొద్దున రక్తపరీక్షకని వెళ్తే, అక్కడి పిల్ల నా మోచేతి మడతలో స్పిరిటు దూది రుద్దింది. చల్లగా తాకి ఇట్టే ఆరిపోయే ఆ వాసనకు కళ్ళు మూసుకున్నాను. ఆ పిల్ల నా పేరైనా అడగలేదు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో నవ్వుతూ సూది గుచ్చింది. "అమ్మాయ్, ఎవరి రక్తం తీస్తున్నావో తెలుసా నీకు?" అని గద్దించాను. "తాతగారికి బీపీ కూడా చూడాలేమో" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నవ్వనీ. ఈ రోజుల్లో కోపం రావడం కూడా రోగమే. ఇంటికి చేరేదాకా నా కళ్ళముందు రాజ్యం సిస్టరే మెదిలింది.

నా బడి ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా పొట్లం కాగితాల మీదా, గోడరాతల మీదా నాకు నేనుగా సంపాదించుకున్నదే. పత్తి మిల్లు దుమ్ముకు ఊపిరాడక, తొంభైల చివర్లో, గుంటూరుకు బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోములో వార్డు పనికి కుదిరాను. అక్కడ పెద్ద నర్సు రాజ్యం సిస్టర్. పొట్టి మనిషి, గట్టి గొంతు. రక్తం ఎక్కించే ముందు సంచి మీది పేరు, నంబరు, గ్రూపు ఇద్దరు మనుషులు పైకి చదివి, రోగి పేరుతో సరిచూడాలన్నది ఆమె పట్టుదల. రెండో నర్సు లేని రోజున నన్ను పిలిచి సంచి చూపించింది.

"చదవగలవా సుబ్బయ్యా?"

"ఇంగ్లీషు కూడబలుక్కుంటానండీ."

"కూడబలుక్కునేవాడే నాకు కావాలి. గడగడా చదివేవాడు చూడకుండానే చదివేస్తాడు."

నా చదువుకు విలువ కట్టిన మొదటి మనిషి ఆమె. మా వైపు జనానికి సెలైన్ సీసా అంటే బలం. పొలంలో కాస్త సోలితే చాలు, సీసా పెట్టమంటారు. పెట్టాక బస్సు వేళయిందని, చుక్కలు త్వరగా పడేలా గొట్టం మీది చక్రం తామే తిప్పేసుకుంటారు. అలా తిప్పబోయిన ఒక ముసలాయన కొడుకు చేతిమీద సిస్టర్ ఒక్కటి వేసింది. "ఒక్కసారిగా పోస్తే గుండె తట్టుకోవద్దూ? బస్సు రేపూ వస్తది. మీ నాన్న రాడు" అంది. ఆ కొడుకు గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఆమె వెనకాల జనం ఎప్పుడూ గొణుగుతూనే ఉండేవారు.

మిరప కోతల కాలంలో నాగేంద్రం అనే అమ్మాయికి కాన్పు అయింది. నెత్తురు చాలా పోయింది. డాక్టరమ్మ రక్తం ఎక్కించాలని రాయగానే అన్న కోటయ్య గుంటూరు వెళ్ళి సంచి తెచ్చాడు. సిస్టర్ దాన్ని అందుకుంటూనే ఆగిపోయింది.

"ఇది వెచ్చగా ఉందేంటి? ఐసు పెట్టె ఏది?"

"ఐసుగడ్డలా ఉంది సిస్టరమ్మా! బాలింతరాలికి చల్లనీళ్ళే తాగనియ్యం, చల్ల నెత్తురు ఎట్టా ఎక్కిస్తాం? టీ కొట్టులో అడిగి, మరిగే నీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచి తెచ్చా" అన్నాడు కోటయ్య, మంచిపని చేసినవాడిలాగా.

సంచిలో నెత్తురు రంగు మారి నల్లబడింది. ఉడికిన రక్తం ప్రాణం తీస్తుందని సిస్టర్ చెప్పింది. "ఇది ఎక్కించను" అంది. కోటయ్య వార్డు ఎగిరిపోయేలా అరిచాడు. "నా చెల్లెలు పోతే నీదే పాపం! పిల్లాపీచూ లేనిదానివి, నీకేం తెలుసు!" ఆ మాటకు నాకు ఒళ్ళు మండి ముందుకు వెళ్ళాను. సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఆ సంచి పారవేయమంది. మళ్ళీ రక్తం కావాలంటే బదులుగా ఎవరైనా ఇవ్వాలి. కోటయ్య నీరసపడ్డాడు. "కోతల్లో నెత్తురు ఇస్తే బస్తా మొయ్యలేను గదా" అన్నాడు.

"ఇందాక అరిచినదాంట్లో సగం బలం చాలయ్యా ఇవ్వడానికి. వెళ్ళు" అంది సిస్టర్.

అతను వెళ్ళాడు. సిస్టర్ సెలైన్ పెట్టి, స్టూలు లాక్కుని నాగేంద్రం పక్కనే నాడి పట్టుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు ఆమెను తిడుతూనే ఉన్నారు. ఆమె లేవలేదు, అన్నానికీ వెళ్ళలేదు. నాగేంద్రం పెదాలు తెల్లబడుతున్నాయి. "నర్సమ్మా, నేను ఉంటానా?" అని అడిగింది ఆ అమ్మాయి. "నేనైతే ఉన్నా. నువ్వూ ఉండు" అంది సిస్టర్.

పొద్దు వాలుతుండగా కోటయ్య ఐసు పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. ఇద్దరం పేరూ గ్రూపూ పైకి చదివాం. చుక్కలు నెమ్మదిగా మొదలుపెట్టి, వణుకు వస్తుందేమో, దద్దుర్లు లేస్తాయేమో అని సిస్టర్ నాగేంద్రం ముఖం మీంచి చూపు తిప్పలేదు. తేడా వస్తే మొదట్లోనే వస్తుందట. ఏమీ రాలేదు. నాగేంద్రం బతికింది.

ఇంటికి వెళ్ళే రోజున వాళ్ళు డాక్టరమ్మ కాళ్ళకు దండం పెట్టారు, అందరికీ మిఠాయి పంచారు. మిఠాయి పెట్టె సిస్టర్ ముందునుంచే ఆగకుండా దాటిపోయింది. తర్వాత బజార్లో ఆమె ఎదురైనా కోటయ్య ముఖం తిప్పుకున్నాడు. నేను మండిపడితే, "నన్ను చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది వాళ్ళకి. పోనీలే" అంది సిస్టర్. నర్సింగ్ హోము వెనక ఒంటిగదిలో గిన్నెడు అన్నం వండుకుని, తలుపు తెరిచి పెట్టుకుని తినేది. పండగలకు అందరి డ్యూటీలూ తనే చేసేది. కొన్నేళ్ళకు సింగరాయకొండ వైపు తమ ఊరికి వెళ్ళిపోయింది. చనిపోయిందని నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

నేను జీవితమంతా కాదన్నవాణ్ణే. యజమానుల్ని, చుట్టాల్ని, సొంత తమ్ముణ్ణి. కాదని చెప్పి తలుపు దడాలున వేసి వచ్చేసేవాణ్ణి. అందుకే ఇవాళ నా గుమ్మం తొక్కేవాళ్ళు తక్కువ. కాదన్నాక అక్కడే కూర్చోవాలని ఆమెను చూశాకే తెలిసింది. అలవాటు చేసుకోవడానికి మాత్రం ముసలితనం దాకా పట్టింది.

ఈ ఎండల్లో మా వీధి ఆదెయ్య మిరప కల్లం నుంచి సోలిపోయి ఇంటికి వచ్చి, నన్ను పిలిపించాడు. మందుల షాపులో సెలైన్ సీసా కొనుక్కుని మరీ. "బాబాయ్, ఆస్పత్రిలో చేశావుగా, ఇది ఎక్కించు. రేపు కల్లానికి పోవాల."

"అది నా పని కాదు. ఎక్కించను."

"ముసలోడివైనా పొగరు తగ్గలేదు నీకు!"

అతని మంచం నీడలోకి లాగాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా తాగించాను. వాంతులు మొదలైతే ఆస్పత్రికి తీసుకెళ్దామని ఆటోవాడికి చెప్పి ఉంచాను. ఆదెయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ తగ్గాక ఇటు తిరిగాడు.

"ఇంకా పోలా బాబాయ్ నువ్వు?"

"పోలేదురా. తాగు."