ఎడమ భుజం మీది చక్కెర

పోయిన వారం నిజామాబాదులో మా మనవరాలి ఇంటికి వెళ్లాను. మనవరాలంటే నా పెద్దబిడ్డ కూతురు. ఆమెకు ఇప్పుడు ఆరు నెలల కొడుకు, అంటే నాకు మునిమనవడు. గడపలో అడుగుపెట్టేసరికి ఇంటిల్లిపాదీ ముఖాలు వేలాడేసుకుని కూర్చుని ఉన్నారు, వాడొక్కడే బోసినోటితో నవ్వుతూ ఎడతెగకుండా చొంగ కారుస్తున్నాడు. పళ్లు వచ్చే ఈడు. గదవ కింద, అంటే గడ్డం కింద, బుగ్గల మీద, మెడ మడతలో చర్మం ఎర్రగా కమిలి సన్నటి పొక్కులు లేచాయి. మంచం మీద మూడు రకాల మలాం గొట్టాలు, చొంగ పడే జేబుతో మెడకు కట్టే రబ్బరు బిబ్బు, తడి కాగితాల పొట్లాలు పరిచి ఉన్నాయి. మనవరాలు ఫోన్‌లో చూస్తూ పైకి చదువుతోంది: చొంగను అద్దాలి గాని రుద్దకూడదు, తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి, వాసన వచ్చేవేవీ పూయకూడదు, ఆరిన చర్మం మీద పల్చగా పూత ఉండాలి. వింటూ వింటూ నేను పకాలున నవ్వాను, ఎందుకంటే ఇవే మాటలు, దాదాపు ఇదే వరసలో, యాభై ఏళ్ల కింద బోధన్‌లో మా వాకిట్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకావిడ చెప్పగా విన్నాను.

అక్కడే ఉన్న నా పెద్దబిడ్డకు కోపం వచ్చింది. “బాపూ, పోరని మొకం గిట్ల కమిలిపోతే నీకు నవ్వెట్ల వస్తున్నది?” అంది. ఆమె ముఖం కూడా ఒకప్పుడు అచ్చం ఇలాగే ఉండేదని, అందుకు కారణం నేనేనని చెప్పాను. యాభై నిండిన నా బిడ్డ చేతిలోని మలాం గొట్టం పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మన ఈడు వాళ్లకు బోధన్ చెరకు సీజన్ ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే చెరకు బండ్లు రోడ్డు పొడుగునా వరస కట్టేవి, బడి వదలగానే పిల్లలు వాటి వెనక పరుగెత్తి ఒక్కో గడ లాగేవాళ్లు, బండివాడు చెర్నాకోల ఝళిపించి తిట్టేవాడే గాని నిజంగా కొట్టినవాణ్ణి నేను చూడలేదు. పాకం ఉడికే వాసన ఊరంతా ఆవరించి ఉండేది, కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మేం వింతగా చూసేవాళ్లం. నేను చక్కెర కార్ఖానాలో సంచులు నింపే కొట్టులో పనిచేసేవాణ్ణి. నిండిన గోనెసంచి పక్కకు వాలకుండా ఎడమ భుజం ఆనించి పట్టుకుని, కుడి చేత్తో దాని మూతి కుట్టడం నా పని. గోనె సందుల్లోంచి చక్కెర పొడి రాలి, చెమటకు కరిగి, మళ్లీ ఆరి, సాయంత్రానికి నా అంగీ ఎడమ భుజం గంజి పెట్టినట్టు బిర్రుగా అయ్యేది. ఇంట్లో కొక్కేనికి తగిలిస్తే చీమలు బారులు తీరేవి, మా ఆవిడ గొణుగుతూ దులిపేది, అంతకు మించి దాని గురించి మేమెవరం ఆలోచించలేదు.

అప్పటికి పెద్దబిడ్డకు ఆరో నెల. సాయంత్రం సైరన్ మోగిందంటే పిల్ల చెవులు రిక్కించేదట, వాకిట్లో నా చెప్పుల చప్పుడు వినబడగానే కన్నతల్లి ఒళ్లోంచి కూడా నా మీదికి దుమికేది. దుమికి ఎడమ భుజాన్ని కరుచుకుని, అక్కడ ముఖం దాచుకుని, చప్పరిస్తూ, కళ్లు అరమోడ్చి, ఇక ఎవరు పిలిచినా వెళ్లేది కాదు. నేనేమో పొంగిపోయేవాణ్ణి. కొట్టులో నా పక్కన కుట్టేవాళ్లకు రోజూ ఇదే పురాణం, మీ పిల్లలకు మీరెవరో తెలుసా, నా బిడ్డకు నేనుంటే చాలు, తల్లి కూడా అక్కర్లేదని కోతలు కోసేవాణ్ణి. మా ఆవిడ పగలంతా బీడీలు చుడుతూ, మధ్యమధ్య చేతులు కడుక్కుని పిల్లకు పాలిస్తూ, నడుము విరిగేలా చాకిరీ చేసేది. ఆమె ముందు కూడా ఈ కోతలు కోశానంటే అప్పటి నా తెలివి ఏపాటిదో మీరే చూడండి.

అప్పుడే పిల్ల గదవ ఎర్రబడింది. మొదట చలిగాలి అనుకున్నాం. మోర్తాడ్ నుంచి మా అత్తమ్మ సొంత చేను పసుపు తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి పట్టు వేసింది, పిల్ల ముఖం పెళ్లికూతురి ముఖమైంది గాని పొక్కులు ఇంకా మండాయి. మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, వియ్యపురాలి పసుపు మీద మొదటినుంచీ గురి లేదు. ఆమె ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి దిష్టి తీసింది. దానికీ తగ్గకపోయేసరికి చివరికి అసలు మాట బయటపెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి కోరింది తినకపోతే బిడ్డకు చొంగ ఆగదని మన పెద్దవాళ్ల నమ్మకం కదా. ఏం కోరి తినలేదో చెప్పమని కోడలిని నిలదీసింది. మా ఆవిడ కాసేపు తలొంచుకుని, కందకుర్తి గోదావరి చేపల పులుసు తినాలని ఉండేదని, అప్పుడు ఈయనకు సెలవు దొరకలేదని నా వైపు చూపించింది. తప్పు నాదేనని తేలిపోయింది. ఆదివారం తెల్లవారుతూనే సైకిలెక్కి కందకుర్తి పోయి, నదుల సంగమం ఒడ్డున బెస్తవాళ్లు వల దులిపే దాకా కూర్చుని, రెండు చేపలు కొనుక్కుని వచ్చాను. మా ఆవిడ లొట్టలు వేస్తూ తింది, మిగిలింది అవ్వా నేనూ తిన్నాం, పిల్ల చొంగ మాత్రం ధార కట్టి కారుతూనే ఉంది.

మా ఇళ్ల లైనులో చివరి ఇంట్లో దవాఖానలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఉండేది. క్రైస్తవులు, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంటే వీధి అంతా దారి ఇచ్చేది. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అక్కా అనేవాణ్ణి. ఒక సాయంత్రం పిల్లను చూడడానికి వచ్చి వాకిట్లో నిలబడి ఉండగా నేను పని నుంచి వచ్చాను. పిల్ల ఎప్పటిలాగే దుమికి ఎడమ భుజాన్ని కరుచుకుంది. నేను చూశావా అక్కా అన్నట్టు ఛాతీ విరుచుకున్నాను. ఆమె మురిసిపోలేదు సరికదా, కళ్లు చిన్నవి చేసి చూసింది. “తమ్మీ, పోరిని కుడి దిక్కుకు మార్చుకో, సూద్దాం” అంది. మార్చాను. పిల్ల ఒక్క క్షణం ఆ భుజాన్ని నాకి, కెవ్వుమని, పాము మెలిక తిరిగినట్టు తిరిగి మళ్లీ ఎడమకే వచ్చింది. అక్క దగ్గరికి వచ్చి నా భుజం మీద వేలు రాసి, నాలుకకు తాకించుకుంది. “ఓర్నీ, అంగీ పాకంల ముంచినట్టున్నదిర! పోరికి నీ మీద పాయిరం గాదు, శక్కర మీద” అని విరగబడి నవ్వింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ అయితే దాచుకోను కూడా లేదు: “కొడుకా, పోరి గిన్నొద్దులు నీ అంగీని బాపు అనుకున్నది!”

తీపికి చొంగ ఇంకా ఊరి, ఆ జిగట గదవ మీద ఆరి, బిరుసు బట్టకు రోజూ ఒరుసుకుని చర్మం కమిలిందన్నమాట. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని అప్పుడు చెప్పింది, అద్దాలి గాని రుద్దొద్దని, మెడ మడతలు తడి లేకుండా ఆరనివ్వాలని, జుబ్బా తడవగానే మార్చాలని, పౌడరూ పసుపూ మానేసి శుభ్రమైన కొబ్బరినూనె పల్చగా రాయాలని, వారంలో తగ్గకపోతే దవాఖానకు తేవాలని. మా అవ్వ నీరుకావి పట్టిన పాత ధోవతి చింపి, నాలుగు మడతలు వేసి పది చొంగగుడ్డలు కుట్టింది. యాభై ఉతుకులు చూసిన ఆ బట్ట మెత్తదనం నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది. నాకు వేసిన శిక్ష వేరు: పని నుంచి రాగానే అంగీ విప్పి, స్నానం చేసి, ఉతికిన బనీను వేసుకున్నాకే పిల్లను ముట్టుకోవాలి.

మొదటి రోజు అలాగే చేసి చేతులు చాచాను. పిల్ల దుమికింది, భుజం చప్పరించింది, ఆగింది, తల వెనక్కి వంచి నా ముఖంలోకి ఎవడ్రా వీడు అన్నట్టు చూసింది, ఏడుస్తూ తల్లి మీదికి పోయింది. మీతో దాచడం ఎందుకు, ఆ పూట నాకు అన్నం సహించలేదు. వారం తిరిగేసరికి గదవ నున్నబడింది, ఇంట్లో అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను. కానీ లోపల ఒకటే గుబులు, చక్కెర లేని నా దగ్గరికి ఈ పిల్ల ఎప్పటికైనా తనంతట తాను వస్తుందా అని. ఎత్తుకుంటే ఏడవడం మానింది గాని దుమకడం లేదు. ఒక రోజైతే వంటింట్లోకి పోయి డబ్బాలోంచి చిటికెడు చక్కెర తీసి భుజం దాకా తెచ్చాను కూడా. మానుతున్న ఆ గదవ కళ్ల ముందు మెదిలి, సిగ్గేసి, ఆ చక్కెర నా నోట్లోనే వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ చూసింది, డబ్బాను పై అరలోకి మార్చింది.

సీజన్ ముగింపుకు వచ్చింది, పిల్ల పాకుతోంది. ఒక సాయంత్రం నేను అంగీ విప్పి బట్టలుతికే జాలాడి దగ్గర రాయి మీద పడేసి, తడక చాటున నీళ్లు పోసుకుంటున్నాను. అవ్వ, మా ఆవిడ, ఆ రోజు కబుర్లకు వచ్చిన నర్సమ్మక్క వాకిట్లో ఉన్నారు. పిల్ల బొంత మీద నుంచి దిగి నా వైపు పాకడం మొదలుపెట్టింది. అంగీ రాయి మీద నుంచి జారి సరిగ్గా ఆ దారిలో పడి ఉంది. మా ఆవిడ తీయబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండు, ఏం జేస్తదో సూడనీ.” తడక సందులోంచి నేను చూస్తున్నాను. పిల్ల అంగీ దగ్గర ఆగింది. ఎడమ భుజం పట్టుకుని నోట్లో పెట్టుకుంది. నా చేతిలో చెంబు ఉన్నచోటనే ఉండిపోయింది. ఊరికే దగ్గాను. ఆ దగ్గుకు పిల్ల తల ఎత్తింది, నోట్లోది వదిలేసింది, చక్కెర అంగీ మీద నుంచే చకచకా పాకుతూ వచ్చి తడక పట్టుకుని నా కోసం అరిచింది. తడి ధోవతితోనే బయటికి వచ్చి ఎత్తుకున్నాను. నీళ్లోడుతున్న భుజం మీద, ఏ తీపీ లేని భుజం మీద, గదవ ఆనించి నిమ్మళంగా ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. సబ్బు కళ్లల్లో పడిందని చెప్పాను, ముగ్గురు ఆడవాళ్లలో ఒక్కరూ నమ్మలేదు.

ఇప్పుడు ఆ కార్ఖానా మూతపడింది, సైరన్ లేదు, చలికాలం బోధన్ మీదుగా బస్సులో పోతే గాలిలో ఏ వాసనా ఉండదు. చక్కెర నా అంగీ వదిలి ఒంట్లోకి చేరింది, టీలో కూడా వేసుకోనివ్వరు. మా మనవరాలి పెనిమిటి కంప్యూటర్ ముందు పనిచేస్తాడు, పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రానికీ మడత నలగదు. అది మంచిదే, పిల్లవాడి గదవకు ఇంకా మంచిది. కానీ బాపు ఏ పని చేసి వచ్చాడో అంగీ నాకి తెలుసుకునే పిల్లలు ఇక ఉండరు కదా అనిపిస్తే మనసు కాస్త వెలితి పడుతుంది.

నా బిడ్డ కథ చివరిదాకా వింది. తర్వాత మనవణ్ణి తీసుకుని, గదవ మెత్తటి గుడ్డతో అద్ది, నూనె రాసి, నా ఎడమ భుజం మీదికి ఎక్కించింది. వాడు కాసేపు చప్పరించాడు, అక్కడ ఏమీ లేదని తెలిసింది, అయినా అక్కడే నిద్రపోయాడు. కాసేపటికి నా బిడ్డ వచ్చి, “బాపూ, అంగీ తడిసింది, మార్చుకో” అంది. మార్చుకోవాలంటే వాణ్ణి దించాలి. వేసుకుంటాలే అన్నాను గాని, లేవలేదు.