పడవ లేని పడవల సంఘం

ఇంటర్ చదివే ఆ రోజుల్లో మనిషికి తన గురించి తనకు తెలిసింది చాలా తక్కువ. ఊరు ఏ పేరు పెడితే అదే నిజమనుకుంటాం. బోధన్‌లో నన్నందరూ 'నిచ్చెన' అనేవాళ్లు కాబట్టి నేనూ అలాగే అనుకునేదాన్ని. అటక మీది సామాను దింపడానికి, పక్కింటివాళ్ల బల్బు మార్చడానికి, కాలేజీ ఫొటోలో వెనక వరసలో నిలబడడానికి (నా తల సగం ఫొటో బయటే ఉండేది) తప్ప నా పొడుగు దేనికీ పనికిరాదని స్థిరపడిపోయిన కాలంలో, మా పీటీ సార్ ఒక సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అక్కా, నీ బిడ్డను పడవల సంఘంల తీస్కుంటున్న" అన్నాడు.

అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆగలేదు గాని కళ్లు మాత్రం పైకి లేచాయి. "పడవలా? గిక్కడ పడవ యాడున్నది సార్?" "పడవ లేదక్కా. సంఘమున్నది." అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. సార్ వచ్చి అమ్మ పక్కన గొంతుక్కూర్చుని, చాటలోంచి కత్తిరించిన తునికాకులు తీసి నేల మీద ఒకదాని కింద ఒకటి పరిచాడు. "గిది ప్రపంచ సంఘం. దీని కింద దేశానికి ఒక్కటే సంఘం. దాన్ని ఫెడరేషన్ అంటరు. అండ్ల ఓ ప్రెసిడెంటు, ఓ సెక్రెటరీ జనరలు, ఓ ట్రెజరరు. నిబంధనలు రాసెటోళ్లు, అంపైర్లను తయారు జేసెటోళ్లు, టీముల ఏరెటోళ్లు అందరు అండ్లనే. దాని కింద రాష్ట్రానికి ఒక్కటే సంఘం. రాష్ట్ర సంఘాలోళ్లే పోయి ఓట్లేసి పై ప్రెసిడెంటును ఎన్నుకుంటరు. రాష్ట్ర సంఘం నిలవాలంటే కింద జిల్లా సంఘాలు ఉండాలె. గీ ఆఖరాకు మనం." అమ్మ అంతా విని, "ఆకు ఎండిపోతది సార్, ఇటియ్యి" అని మా జిల్లాను నేల మీంచి తీసి, తంబాకు పోసి, చుట్టేసి, దారం కట్టింది. తర్వాత, "మా కార్ఖానా లెక్కనే ఉన్నది. సుట్టేది కింద, ముద్రేసేది మీద" అంది. ఆ సంఘాన్ని అంత చక్కగా అర్థం చేసుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

అసలు సంగతి ఏమిటంటే, రాష్ట్ర సంఘం సెక్రెటరీ మా సార్‌కు హాస్టల్ దోస్తు. జిల్లా సంఘాలు తక్కువైతే ఫెడరేషన్ గుర్తింపు కష్టమని, "నీ జిల్లాలో ఒకటి పెట్టరా" అని ఆయన అడగడం, ఈయన పెట్టేయడం జరిగిపోయాయి. ప్రెసిడెంటుగా ఓ పెద్దమనిషి కావాలి కదా. రుద్రూర్ దగ్గర రైస్‌మిల్లున్న ఒక పటేల్‌ను పట్టుకున్నారు. మొదటి మీటింగు మిల్లులోనే, వడ్ల బస్తాల మధ్య. పటేల్ చాలా ఉత్సాహంగా, "ఏం సార్, గా పడవలల్ల బస్తాలు తోలొచ్చునా?" అని అడిగాడు. కాదు, ఇది అమెచ్యూర్ రోయింగ్ అన్నాడు సార్. "అంటే?" "అంటే ఔత్సాహికులది. కష్టపడుడే గని పైసలు రావు." పటేల్ అర్థమైనట్టు తలూపి, "అంటే చెరుకు లెక్కన్నట్టు" అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడిన కొత్త రోజులవి. అందరూ నవ్వారు. ఒక్క మనిషి నవ్వలేదు. ఆయన మోటర్ వాళ్ల బాపు.

మోటర్ అంటే నాతో చదివే పిల్ల, నా దోస్తు. ఏ పని మొదలుపెట్టినా ఆపమన్నదాకా ఆపదని పీటీ సార్ పెట్టిన పేరు. వాళ్ల బాపు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి, అది మూతబడ్డాక చందూర్ వైపు పొలం కూలికి పోతూ, మా వీధి చివరి మెథడిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. మోటర్‌కు పోలీసు కావాలని ఉండేది. జాతీయ పోటీల్లో దిగితే స్పోర్ట్స్ కోటాలో ముందు నిలబడొచ్చని సార్ చెప్పిన రోజు నుంచి, అది నాలాగా పొడుగు పుణ్యాన కాక, ఆకలైనవాడు అన్నానికొచ్చినట్టు సంఘంలోకి వచ్చింది. బాపుకు ఇక ఉద్యోగం దొరకదని ఇంట్లో అందరికన్నా ముందు తెలుసుకున్నది అదే.

పడవ లేకపోయినా హైదరాబాద్ నుంచి పాత రోయింగ్ మెషీన్ ఒకటొచ్చింది. పలక మీద కూర్చుని, కాళ్లు తన్ని, గొలుసు లాగితే ముందున్న చక్రం గాలిని చీల్చుకుంటూ గర్రుమంటుంది. చర్చి తాళంచెవి మోటర్ బాపు దగ్గరుండేది కాబట్టి, పాస్టరుగారి అనుమతితో మెషీన్‌ను చర్చి వెనక సండే స్కూలు గదిలో పెట్టారు. పొద్దున్నే మేం లాగుతుంటే ఒకరోజు ఒక అవ్వ నెత్తి మీద జొన్నల గంపతో వచ్చి గుమ్మంలో దింపింది. "గిర్ని షురూ అయ్యిందా బిడ్డా? మెత్తగ పట్టుండ్రి" అంది. గిర్ని కాదవ్వా, పడవ అన్నాను చెమట తుడుచుకుంటూ. అవ్వ మెషీన్‌ను, నన్ను, కింద గచ్చును చూసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. (అవ్వ మా ఇంటికే వెళ్లి, 'నీ బిడ్డను ఓపాలి దవాఖానల సూపియ్యి' అని చెప్పిందని తర్వాత తెలిసింది.)

నిజమైన పడవ మేం చూసింది హుస్సేన్‌సాగర్‌లో, రాష్ట్ర సంఘం శిబిరంలో. అంత సన్నటి పడవ ఉంటుందని నేననుకోలేదు. ఒక కాలు లోపల పెట్టేసరికి అది పక్కకు ఒరిగింది, నేను రెండో పక్కకు ఒరిగాను, ఆ తర్వాత హుస్సేన్‌సాగర్ వాసన నా జుట్టులోంచి పోవడానికి అమ్మ కుంకుళ్లన్నీ అయిపోయాయి. మోటర్ మాత్రం నీళ్ల మీదే పుట్టినట్టు కూర్చుంది. ఇద్దరు నడిపే పడవలో అది ముందు, నేను దాని వెనక. నా చెయ్యి పొడుగు, దాని గుండె గట్టిది. శిబిరం ముగిసేసరికి మా రెండు జతల తెడ్లు ఒక్కసారే నీళ్లలో పడి ఒక్కసారే లేచేవి. అలా కుదిరిన క్షణాన పడవ కింద నీళ్లు చిన్నగా బుడబుడమని చప్పుడు చేస్తాయి. మోటర్ ఆ చప్పుడు వినగానే "అగో!" అనేది. రాష్ట్ర ఎంపిక పోటీల్లో మేమే మొదట వచ్చాం.

అదే సమయంలో రాష్ట్ర సంఘం ప్రెసిడెంటుకూ సెక్రెటరీకీ చెడింది. ఎందుకు చెడిందో మాలాంటివాళ్లకు ఎవరు చెబుతారు? ఈయన ఆయన్ను తీసేశానన్నాడు, ఆయన ఈయన్ను తీసేశానన్నాడు. ఇద్దరూ వేరువేరుగా ఎన్నికలు పెట్టి ఇద్దరూ ఏకగ్రీవంగా గెలిచారు. మా సార్ హాస్టల్ దోస్తు పక్షం. దాంతో, ఎందుకో తెలియకపోయినా, మేమూ ఆ పక్షమే.

జూనియర్ల జాతీయ పోటీలు వేరే రాష్ట్రంలో, కొండల మధ్య ఒక పెద్ద చెరువులో. అక్కడికి మా రాష్ట్రం నుంచి రెండు జట్లు దిగాయి. రెంటికీ ఒకే రంగు జెర్సీ. ఇద్దరు మేనేజర్లూ ఎదురుపడితే చెట్లవైపు చూసేవాళ్లు. మాకు మాత్రం అవతలి పక్షం పిల్లలతో ఒకే గది ఇచ్చారు. నూనె, దువ్వెన, పచ్చడి అన్నీ మొదటి పూటే కలిసిపోయాయి. ఎవరు ఏ సంఘమో చెప్పాలంటే మేమే ఆలోచించుకోవాల్సి వచ్చేది. రెంటిలో ఏ సంఘం పేరు ఉంచాలో ఫెడరేషన్ ఇంకా తేల్చలేదని, పొద్దున్న చెబుతారని సార్ అన్నాడు. "ఏం గాదు. మీ టైము చూస్తే వాళ్లే మిమ్ముల పిలుస్తరు" అన్నాడు. ఆయన నమ్మే అన్నాడు.

పొద్దున్న మా పందెం వేళకు పిలుపు రాలేదు గాని, వద్దనీ ఎవరూ చెప్పలేదు. అక్కడ ఇచ్చిన పడవను భుజాల మీద పెట్టుకుని నీళ్ల దగ్గరికి నడిచాం. చెక్కల రేవు దగ్గర కార్డులు చూసే ఆఫీసరమ్మ మా కార్డులు తిప్పి చూసి, చేతిలోని జాబితా చూసి, "మీ సంఘానికి గుర్తింపు లేదు. పొద్దున్నే నిర్ణయమైంది" అంది హిందీలో. కోపంగా అనలేదు. పడవ మా భుజాల మీదే ఉంది. సార్ పరుగెత్తుకొచ్చాడు. ఫెడరేషన్ వైస్ ప్రెసిడెంటట, మిలిటరీలో చేసి రిటైరైన ముసలాయన, ఆయనా వచ్చాడు. మంచి మనిషే. ఓపికగా మొదలుపెట్టాడు, ప్రపంచ సంఘం దేశానికి ఒక్క సంఘాన్నే గుర్తిస్తుంది, దేశ సంఘం రాష్ట్రానికి ఒక్కదాన్నే... మా సార్ మధ్యలో, "తెలుసు సార్. ఆకులు పరిచి మరీ వీళ్లకు నేనే చెప్పిన" అన్నాడు. తెలుగులో అన్నాడని కూడా ఆయనకు తెలియలేదు.

అప్పుడు మోటర్ అందుకుంది. బోధన్ పిల్లలం కదా, ఉర్దూ బాగానే వచ్చు. "సార్, రాష్ట్రానికి ఒక్కటే ఉండాలన్నారు. మాకు రెండున్నాయి. ఒకటి తీసేసుకుని మమ్మల్ని పడవ ఎక్కనివ్వండి" అంది. ఆయన ఆఫీసరమ్మ చేతిలోని జాబితా వైపు చూశాడు. "పోనీ, ఆ చివరి లేన్ ఖాళీగా ఉంది. మా టైము రాయకండి. మా పేరు పిలవకండి. ఊరికే వెనకాల వస్తాం." ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "బేటీ, నా చేతిలో ఉంటే నేనే తోసి పంపేవాణ్ణి" అన్నాడు. ఆయన చేతిలో లేకపోతే ఇంకెవరి చేతిలో ఉందని మోటర్ అడగలేదు.

పడవను వెనక్కి మోయాల్సి వచ్చింది. తెచ్చినప్పుడు తేలిగ్గా ఉన్నది ఇప్పుడు నా భుజం కోసేస్తోంది. అవతలి పక్షం పిల్ల ఒకతె వచ్చి మధ్యలో భుజం పెట్టింది. వాళ్ల పందెం మరుసటి పూట. మేం గట్టు మీద కూర్చుని మా పందెం చూశాం. ఖాళీ లేన్‌లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. మోటర్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పడవలు కనిపించినంతసేపూ వాటితో పాటే ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది. ఆపమని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

బోధన్‌లో బస్సు దిగి మా వీధి మలుపు తిరిగామో లేదో, వేళ కాని వేళ చర్చి గంట మొదలైంది. మేమొస్తున్నామని తెలిసి, పాస్టరుగారిని బతిమాలి ఒప్పించుకుని, మోటర్ బాపు కొడుతున్నాడు. ఏం జరిగిందో ఫోన్లో ఆయనకు చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. గంట ఆగడం లేదు. ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. "ఎవలు సచ్చిపోయిండ్రే?" అని ఒకామె కొంగు సర్దుకుంటూ మమ్మల్నే అడిగింది. మోటర్ సంచీ కిందపెట్టి, "ఎవలు సావలే పెద్దమ్మా. మేం అచ్చినం" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. మోటర్ చర్చి లోపలికి వెళ్లి తాడు పట్టుకుంది. "ఆపు బాపు. మమ్ముల నీళ్లల్లకే దిగనియ్యలే" అంది. ఆయన తాడు వదిలేశాడు గాని గంట ఇంకో రెండుసార్లు దానంతటదే మోగింది. "గంత దూరం పోయి అచ్చిండ్రు గద బిడ్డా. ఊరికే కొట్టిన్నా ఏంది?" అన్నాడాయన. అని, గోడవైపు తిరిగి తాడును మేకుకు చాలాసేపు చుడుతూ నిలబడ్డాడు.

మరుసటి ఏడాదికి మా వయసు జూనియర్ల లెక్క దాటిపోయింది. రాష్ట్రానికి ఫెడరేషన్ ఏదో కమిటీని వేసిందన్నారు, కోర్టన్నారు, అదలాగే నడిచింది. మోటర్ పోలీసు పరీక్ష రాసింది. కొద్దిలో పోయింది. ఆ కొద్దినీ కోటా నింపేదని ఇంట్లో ఎవరూ అనలేదు. వాళ్ల బాపు ఆ తర్వాత ఎక్కువకాలం లేడు. ఆయన కోసం గంట కొట్టింది మోటరే. సార్ బదిలీ మీద వెళ్లిపోయాడు. నేను పీటీ టీచర్నై నిజామాబాద్ చేరాను. మోటర్ ల్యాబ్ కోర్సు చేసి అదే టౌన్‌లో ఒక ఆస్పత్రిలో రక్తాలు తీస్తుంది. నొప్పి తెలియకుండా తీస్తుందని పేరు. ఇన్నేళ్లలో ఆ చెరువు మాట మా మధ్య ఒక్కసారీ రాలేదు.

ఈమధ్య రాష్ట్ర సంఘాలు రెండూ కలిసిపోయాయి. జిల్లా తరఫున (అవును, ఇప్పుడు ఆ సంఘంలో నేనూ ఒక ఆఫీసరమ్మనే) నన్నూ హైదరాబాద్ మీటింగుకు పిలిచారు. పాత ప్రెసిడెంటు, పాత సెక్రెటరీ ఒకరికొకరు దండలు వేసుకుని, పక్కపక్కనే కూర్చుని, ఒకరి పళ్లెంలోకి ఒకరు బిర్యానీ వడ్డించుకున్నారు. తిరిగొచ్చి, ఆస్పత్రి క్యాంటీన్‌లో చాయి తాగుతూ మోటర్‌కు చెప్పేశాను. చెప్పాలో వద్దో దారంతా తేలలేదు.

"కలిసిండ్రా?" అంది. "అసలు ఎందుకు కొట్లాడిండ్రంట?" "అడిగిన. ఇద్దరికీ సరిగ యాదికి లేదంట." మోటర్ నన్ను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అది మొదలుపెడితే ఆగదు కదా. చాయి బల్ల మీద ఒలికింది, పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. నవ్వి నవ్వి చెయ్యి కళ్ల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆ చెయ్యి తీయకుండానే, "మనం గెలుస్తుంటిమానే?" అని అడిగింది.

"గెలుస్తుంటిమి" అన్నాను.

"ఉత్తదే. మూడో నెంబరు అస్తుంటిమి."

"మరి మూడో నెంబరే."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. మోటర్ మొహం తుడుచుకుని, తెల్లకోటు సర్దుకుని, "మూడో నెంబరుకు సుత మెడలిస్తరు గదనే" అంటూ వెళ్లిపోయింది. నేను కాదనలేదు. పదిమందికి నిబంధనలు చదివి వినిపించే సంఘం మనిషిని. అయినా జరగని పందెంలో మా ఇద్దరికీ మూడో స్థానం ఇచ్చుకోవడానికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదనిపించింది. ఒక్కదాన్నే నవ్వుకుంటూ, చల్లారిపోయిన చాయి చివరిదాకా తాగాను.